మా కుళాయి నీళ్ళ వెంట క్లారెన్స్ దాకా: నా అనుభవం

జొహానెస్‌బర్గ్‌లో ఉండే తెలుగువాళ్ళకు క్లారెన్స్ పేరు కొత్తేమీ కాదు. లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో సన్ సిటీ, డ్రేకెన్స్‌బర్గ్‌లతో పాటు ఆ పేరూ తిరుగుతుంది. నాలుగు గంటల లోపు డ్రైవ్, చుట్టూ కొండలు, చిన్న ఊరు, మంచి ఫోటోలు. నన్ను అక్కడికి లాగింది మాత్రం ఒక వార్త. పక్క దేశం లెసోతో నుంచి నీళ్ళు తెచ్చే సొరంగాన్ని మరమ్మతుల కోసం 2024 అక్టోబర్ నుంచి ఆర్నెల్ల పాటు మూసేస్తున్నారని చదివాను. మిడ్రాండ్‌లో మా కుళాయికి వచ్చేవి వాల్ డ్యామ్ నీళ్ళని తెలుసు. ఆ డ్యామ్‌లోకి వేరే దేశపు కొండల నుంచి నీళ్ళు వస్తాయనీ, అవి కొండల కింద 82 కిలోమీటర్ల సొరంగాల్లో నడిచి క్లారెన్స్ పక్కన వెలుతురులోకి వస్తాయనీ అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళుగా తాగుతున్న నీళ్ళు ఎక్కడ బయటపడతాయో కళ్ళారా చూడాలనిపించింది.

ఏప్రిల్ 27 ఇక్కడ ఫ్రీడమ్ డే. 1994లో ఆ రోజే అన్ని జాతుల వాళ్ళూ కలిసి తొలిసారి ఓటు వేశారు. ఆ సెలవు కలిసొచ్చేలా వెళ్దామనుకున్నాం. నేను, మా వారు, మా అమ్మాయి. పక్కింటి అంకుల్‌నీ ఆంటీనీ కూడా రమ్మన్నాం. వాళ్ళది డర్బన్. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది, చెరకు తోటల్లో పనికి కుదుర్చుకున్న కూలీలతో. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అలాంటి ఓడలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో అంకుల్ వాళ్ళ ముత్తాత వచ్చాడట. వాళ్ళింట్లో ఇప్పుడు మాట్లాడేది ఇంగ్లీషే. అయినా అవ్వ, తాత అనే పిలుపులు పోలేదు. అంకుల్ చిన్నప్పుడు డర్బన్‌లో ఆంధ్ర మహాసభ వాళ్ళు నడిపిన తెలుగు బడికి వెళ్ళారట. 1931లో మొదలైన ఆ సభ ఇప్పటికీ ఉంది. ఆయన అ, ఆ, ఇ, ఈ రాసి చూపిస్తే మా అమ్మాయికి భలే సంబరం.

ఆంటీ వెంటనే సరేనంది. అంకుల్ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నన్ను అడిగారు: "ఫ్రీ స్టేట్‌లో రాత్రి పడుకుంటామా?"

ఆ ప్రశ్న నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన చెప్పాక అర్థమైంది. క్లారెన్స్ ఉన్న రాష్ట్రం ఒకప్పటి ఆరెంజ్ ఫ్రీ స్టేట్, బోయర్ల (డచ్చి సంతతి తెల్లవాళ్ళ) రిపబ్లిక్. 1891లో ఆ రిపబ్లిక్ భారతీయులు అక్కడ వ్యాపారం చేయకూడదని, సాగు చేయకూడదని, భూమి కొనకూడదని చట్టం చేసింది. అప్పటికే అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళను నష్టపరిహారం కూడా ఇవ్వకుండా పంపించేసింది. బ్రిటిష్ పాలన వచ్చింది, 1910లో నాలుగు ప్రాంతాలు కలిసి ఒకే దేశమైంది, తర్వాత అపార్థైడ్ అనే జాతివివక్ష పాలన వచ్చింది. ఆ నిషేధం మాత్రం 1980ల మధ్య దాకా కదల్లేదు. భారతీయులు ఆ రాష్ట్రంలో కాపురం ఉండకూడదు. దాని మీదుగా వెళ్ళాలంటే ఆగకుండా దాటెయ్యాలి. 1975 దాకా అయితే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళడానికే మనవాళ్ళకు పర్మిట్ కావాలి.

డర్బన్ నుంచి జొహానెస్‌బర్గ్ వెళ్ళే దారి ఫ్రీ స్టేట్ గుండానే పోతుంది. వాన్ రీనెన్ ఘాట్ ఎక్కితే ఆ రాష్ట్రం మొదలు. విలియర్స్ దగ్గర వాల్ నది దాటితే అయిపోతుంది. మధ్యలో నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు. అంకుల్ చిన్నతనంలో పెదనాన్న వాళ్ళింటికి జొహానెస్‌బర్గ్ వెళ్ళేవారట. లేడీస్మిత్‌లో పెట్రోల్ నింపుకుని, పిల్లలందరినీ ఒకటికి రెండుసార్లు బాత్రూమ్‌కి పంపి, వాళ్ళ నాన్న ఘాట్ ఎక్కేవాడు. ఇక వాల్ నది దాటేదాకా కారు ఆపేవాడు కాదు. అన్నం, కూర, రొట్టెలు అన్నీ కారులోనే. "మా నాన్న స్టీరింగ్ మీద చేతులు తీసేవాడు కాదు. మేం పాటలు పాడినా ఊరుకోమనేవాడు" అన్నారు అంకుల్. ఆ రోడ్డు మీద ఆయన ఆ తర్వాత ఎన్నిసార్లో తిరిగారు, హారిస్మిత్‌లో ఆగి టీ తాగారు. కానీ ఫ్రీ స్టేట్‌లో రాత్రి గడపడం అన్నది ఎప్పుడూ జరగలేదట. పడలేదు అంతే, అన్నారు. "వెళ్దాం పద" అని కూడా ఆయనే అన్నారు.

గెస్ట్‌హౌస్ బుక్ చేయడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఒక్కటి తప్ప. ఫ్రీడమ్ డే, ఈస్టర్ రోజుల్లో క్లారెన్స్ నిండిపోతుంది. కనీసం నెలన్నర ముందు చూసుకోవాలి. ఇంట్లో చలి కాచుకునే పొయ్యి ఉందో లేదో తప్పకుండా అడగండి. ఏప్రిల్ చివర్లో పగలు ఎండగానే ఉంటుంది. రాత్రయ్యేసరికి చలి సున్నా దగ్గరికి దిగుతుంది. ఊరు సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన ఉంది మరి. శాకాహారులైతే ఒక కుక్కర్, కాస్త బియ్యం, పచ్చడి పట్టుకెళ్ళడం మంచిది. నేను పులిహోర కలిపి పెట్టాను. ఆంటీ బంగాళాదుంప కూర, రోటీలు చేసుకొచ్చింది. దారిలో తినడానికి తెచ్చుకునే దాన్ని ఇక్కడ అందరూ పాడ్‌కోస్ అంటారు.

వెళ్ళేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి అని ముందే అనుకున్నాం. వెళ్ళేది నీళ్ళకు ఎదురుగా. హైడెల్బర్గ్ మీదుగా ఎన్3 హైవేలో విలియర్స్ దాకా వెళ్ళి, అక్కడ ఆర్26 రోడ్డు ఎక్కాం. ఫ్రాంక్‌ఫోర్ట్, ట్వీలింగ్, రీట్స్, బెత్లెహెమ్, చివరికి క్లారెన్స్. గుంతలు చాలా ఉన్నాయి, అందుకని ఈ దారిలో పగలే వెళ్ళాలి. లారీలు గుంత తప్పించబోయి మన వైపుకి వచ్చేస్తుంటాయి. మా వారికి అక్కడక్కడా బాగానే టెన్షన్ పడింది.

అయినా ఆ దారే ఎందుకంటే, ఫ్రాంక్‌ఫోర్ట్ విల్గె నది ఒడ్డున ఉంది. లెసోతో కొండల నుంచి వచ్చే నీళ్ళు క్లారెన్స్ దగ్గర యాష్ అనే చిన్న నదిలో పడతాయి. అది లీబెన్‌బర్గ్స్‌ఫ్లే నదిలోకి, అది విల్గెలోకి, విల్గె పోయి వాల్ డ్యామ్‌లోకి. డ్యామ్ దాకా ఎక్కడా పంపు అక్కర్లేదు, పల్లానికే పారుతూ వస్తాయి. మోటార్లన్నీ ఆ తర్వాతే. ఎందుకంటే జొహానెస్‌బర్గ్ వాల్ డ్యామ్ కన్నా చాలా ఎత్తున ఉంది. 1886లో బంగారం దొరికిందని గట్టు మీద కట్టిన ఊరు, పక్కన చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు. ఫ్రాంక్‌ఫోర్ట్‌లో వంతెన దాటాక పక్కకు ఆపి దిగాం. గోధుమ రంగు నీళ్ళు, ఒడ్డున విల్లో చెట్లు, నెమ్మదైన నది. "అమ్మా, ఇవి మన ఇంటికే వస్తున్నాయా?" అని మా అమ్మాయి అడిగితే అవునన్నాను. ఆ ఒక్క మాటతో తనకి మిగిలిన దారంతా ఆటైపోయింది. వంతెన కనపడితే చాలు, ఇవి మనవేనా, ఇవి మనవేనా అని అడుగుతూనే ఉంది.

రీట్స్ దాటేదాకా నేల చదునుగానే ఉంటుంది. కోతకొచ్చిన మొక్కజొన్న, ధాన్యం నిలవ చేసే పెద్ద పెద్ద గొట్టాల్లాంటి గిడ్డంగులు. బెత్లెహెమ్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతుంది. ఇసుకరాతి కొండలు ఒక్కసారిగా పక్కకి వచ్చి నిలబడతాయి. వాటి రంగు మా అమ్మ అరిసెలకు పట్టే బెల్లం పాకం రంగు. వాటి వెనక దూరంగా, నీలంగా మలూటి పర్వతాలు. ఆ వైపే లెసోతో. ఏప్రిల్ చివరికి పాప్లర్ చెట్లు పసుపు తిరిగిపోతాయి. ఆ కొండల రంగు ముందు ఆ పసుపును చూసి కారులో అందరం మాట మానేశాం. క్లారెన్స్ చూడాలంటే ఇదే సరైన కాలం, నన్నడిగితే.

ఊరి చరిత్ర చిన్నదే. బ్రిటిష్ వాళ్ళతో జరిగిన యుద్ధం మధ్యలో దేశం విడిచి వెళ్ళిన, ఇంకో బోయర్ రిపబ్లిక్ ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ 1904లో స్విట్జర్లాండ్‌లోని క్లారెన్స్ అనే ఊళ్ళో చనిపోయాడు. 1912లో రెండు వ్యవసాయ క్షేత్రాలను ప్లాట్లుగా విడగొట్టి ఇక్కడ ఊరు కట్టినప్పుడు ఆ పేరు పెట్టారు. మధ్యలో గడ్డి పరిచిన పెద్ద చౌక్, చుట్టూ ఆర్ట్ గ్యాలరీలు, కాఫీ అంగళ్ళు, చెర్రీ జామ్ అమ్మే దుకాణాలు, సొంతంగా బీరు కాచే బార్. బసోతో దుప్పట్లు అమ్మే చోట ఆంటీ చాలాసేపు నిలబడింది. ఆ ఉన్ని దుప్పట్లు లెసోతోలో, ఈ చుట్టుపక్కల ఉండే బసోతో జనం భుజాల చుట్టూ కప్పుకుని పిన్నుతో బిగిస్తారు. అది చలికి మాత్రమే వేసుకునేది కాదు, పెళ్ళికీ పుట్టుకకీ చావుకీ వేర్వేరు దుప్పట్లు ఉంటాయి. నిజమైన ఉన్నిదైతే ఖరీదు ఎక్కువే. ఒకటి కొనుక్కుంటే జీవితాంతం ఉంటుంది.

చౌక్‌లో నడుస్తుంటే అంకుల్ ప్రతి భవనాన్నీ ఆగి చూశారు. ఎవరో తెల్లాయన కుక్కని పట్టుకుని ఎదురొచ్చి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. "డర్బన్" అన్నారు అంకుల్, మిడ్రాండ్ అనలేదు. ఇద్దరూ వాన గురించి, రోడ్డు గుంతల గురించి బాగా మాట్లాడుకున్నారు. ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అన్న మాట ఇది: "మా నాన్నకి ఇక్కడ ఒక గది దొరికేది కాదు. ఇప్పుడు నాకు ఎదురొచ్చి గుడ్ ఈవెనింగ్ చెబుతున్నారు. రెండూ నా ఒక్క జీవితంలోనే."

మర్నాడు పొద్దున యాష్ నదిలో రాఫ్టింగ్. ఊళ్ళో ఈ పని చేయించేవాళ్ళు ఉన్నారు, ముందు రోజే పేరు రాయించుకోవాలి. వెట్‌సూట్, హెల్మెట్, లైఫ్ జాకెట్ వాళ్ళే ఇస్తారు. అంకుల్, ఆంటీ ఒడ్డున ఉన్నారు. మేం ముగ్గురం, గైడ్ ఒక రాఫ్ట్‌లో. దక్షిణాఫ్రికాలో చాలా నదులు వానాకాలం పోగానే సన్నబడిపోతాయి. యాష్ మాత్రం ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా దాదాపు ఒకే జోరుతో పారుతుంది, సొరంగం మూసినప్పుడు తప్ప. కారణం అదే, సొరంగం. అంతకుముందు అది చిన్న వాగు. 1998 జనవరిలో మండేలా, లెసోతో రాజు మూడో లెట్సియే ప్రాజెక్టును ప్రారంభించారు. అన్ని నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడేసరికి గట్లు కోసుకుపోయాయి. ఆ కోత ఆపడానికి నది పొడవునా అడ్డుకట్టలు కట్టాల్సి వచ్చింది.

నీళ్ళు బయటపడే చోటు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పెద్ద జలపాతమేమీ కాదు. కాంక్రీటు కట్టడం, దాని లోంచి నురగ కక్కుతూ ముదురాకుపచ్చ నీళ్ళు. చేయి పెడితే జివ్వుమంది. ఇవి లెసోతోలోని కాట్సే డ్యామ్ లోతుల్లోంచి వస్తున్నాయి. ఆ డ్యామ్ 185 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి 45 కిలోమీటర్లు కొండల కిందుగా మ్వేలా అనే చోటికి వస్తాయి, అక్కడ 72 మెగావాట్ల కరెంటు తీస్తారు. ఆ తర్వాత ఇంకో 37 కిలోమీటర్లు సరిహద్దు కిందుగా ఇక్కడికి. ప్రాజెక్టు ఒప్పందం 1986లో జరిగింది. ఒకవైపు అపార్థైడ్ ప్రభుత్వం, ఇంకోవైపు ఆ ఏడాది జనవరిలోనే కుట్రతో గద్దెనెక్కిన లెసోతో సైనిక ప్రభుత్వం. నీళ్ళకు లెసోతోకు దక్షిణాఫ్రికా రాయల్టీ కడుతుంది. ఆ చిన్న దేశానికి అది పెద్ద ఆదాయం.

మా గైడ్ కుర్రాడిది ఖుబెట్స్వానా, క్లారెన్స్ పక్కనే నల్లజాతి వాళ్ళుండే పేట. అతని అమ్మమ్మ ఊరు లెసోతో వైపు. నది నెమ్మదించిన చోట తెడ్డు ఒళ్ళో పెట్టుకుని చాలా సంగతులు చెప్పాడు. సరిహద్దులోని కాలెడాన్ నదికి ఇవతల ఉన్న ఈ నేల కూడా ఒకప్పుడు బసోతోల రాజు మొష్వేష్వేదేనట. 1860ల యుద్ధాల్లో బోయర్లు దాన్ని తీసుకున్నారు. రాజు బ్రిటిష్ వాళ్ళ రక్షణ కోరి మిగిలిన కొండల దేశాన్ని నిలబెట్టుకున్నాడు, అదే ఇప్పటి లెసోతో. "పొలాలు ఇటు మిగిలాయి, కొండలు మాకు మిగిలాయి. ఇప్పుడు ఆ కొండల్లో నీళ్ళు కూడా ఇటే వస్తున్నాయి" అన్నాడు. కోపంగా అనలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాడు.

డ్యామ్ కట్టినప్పుడు అక్కడి మనుషుల సంగతేమిటని అడిగాను. ఊళ్ళు, పొలాలు, పశువులు మేసే బయళ్ళు మునిగాయన్నాడు. పరిహారం వచ్చింది, కానీ లోయలో పండే నేలకి బదులు నేల ఎక్కడిది అన్నాడు. ఈ ప్రశ్న నాకు ఇంట్లో వినీ వినీ అలవాటే. మా అత్తగారి పుట్టిల్లు శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పటి సంగతులు ఆమె ఇప్పటికీ నిన్నటివిలా చెబుతుంది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని టీవీలో చూపిస్తే లేచి వెళ్ళిపోతుంది. మా వారు గైడ్‌కి ఆ విషయం చెప్పారు. అతను మీ అమ్మగారి ఊరి పేరేమిటని అడిగి, ఆ పేరును రెండుసార్లు పలికి చూశాడు. నాకు ఆ ప్రయాణం మొత్తంలో బాగా గుర్తుండిపోయిన మనిషి అతనే.

మధ్యాహ్నం ఖుబెట్స్వానా వైపు నడిచి వెళ్ళాం. చాలామంది టూరిస్టులు అటు తొంగి కూడా చూడరు. గెస్ట్‌హౌస్‌లో పక్కలు సర్దేవాళ్ళు, హోటళ్ళలో వండేవాళ్ళు, గ్యాలరీల్లో తుడిచేవాళ్ళు అక్కడి నుంచే వస్తారు. చిన్న ఇళ్ళు, రేకుల పంచలు, బడి పిల్లల అరుపులు. ఒక కొట్టులో వెట్‌కూక్ కొనుక్కున్నాం. మైదా ముద్దను నూనెలో వేయించిన ఉండ, వేడిగా ఉంటే చాలా బావుంటుంది. "దుమేలా మ్మే" అని ఆంటీ వాళ్ళ భాషలో పలకరిస్తే కొట్టామె మొహం విప్పారింది. వయసులో పెద్ద ఆడవాళ్ళను మ్మే అని, మగవాళ్ళను న్టాటే అని పిలవడం అక్కడి మర్యాద. ఆ మాత్రం నేర్చుకుని వెళ్ళండి, మనుషులు ఎంత దగ్గరవుతారో మీరే చూస్తారు.

తర్వాతి రోజు గోల్డెన్ గేట్ హైలాండ్స్ నేషనల్ పార్క్. ఊరి నుంచి ఆర్712 రోడ్డు నేరుగా పార్కు మధ్యలోంచే పోతుంది. ఊరికే దాటిపోయేవాళ్ళకు టికెట్ అక్కర్లేదు. దిగి నడవాలనుకుంటే ఆఫీసులో రుసుము కట్టాలి. 1963లో ఏర్పాటైన పార్కు ఇది. సింహాలు, ఏనుగులు ఉండవు. ఎలాండ్, జీబ్రా, నల్ల విల్డెబీస్ట్, బ్లెస్‌బాక్ మందలు ఉంటాయి. ఆకాశంలో కేప్ రాబందులు. అదృష్టం బావుంటే గడ్డపు రాబందు కూడా. మాకది కనపడలేదు. కానీ బోడితల ఐబిస్ పక్షులు గడ్డిలో పురుగులు ఏరుకుంటూ బాగా దగ్గర్లో కనపడ్డాయి.

ఇక్కడ అసలు చూడాల్సింది రాయి. కింద ఎర్రటి పొరలు, వాటి మీద పసుపు ఇసుకరాయి, పైన నల్ల బసాల్ట్. పసుపు పొరకు భూగర్భ శాస్త్రంలో క్లారెన్స్ ఫార్మేషన్ అని ఈ ఊరి పేరే పెట్టారు. ఒకప్పుడు ఇక్కడ ఎడారి, ఆ రాయంతా గాలికి పేరుకున్న ఇసుక దిబ్బలు. తర్వాత సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందట భూమి పగిలి లావా పొంగి ఆ దిబ్బలను కప్పేసింది. ఆ లావానే పైన కనపడే బసాల్ట్, లెసోతో ఎత్తైన కొండలన్నీ దానివే. కింది ఎర్ర పొరల్లో 1970ల్లో డైనోసార్ గుడ్లు దొరికాయి, లోపల పిండాలతో సహా. మా అమ్మాయికి ఈ సంగతి తెలిశాక ప్రతి గుండ్రటి రాయినీ తిరగేసి చూడటం మొదలుపెట్టింది.

బ్రాండ్‌వాగ్ అనే కొండ కొమ్ము ఎక్కాం. దారి పెద్ద దూరం కాదు గానీ నిలువుగా ఉంటుంది. చివర్లో గొలుసు పట్టుకుని ఎక్కాలి. మంచి బూట్లు, నీళ్ళు, టోపీ ఉండాలి. ఎండ చల్లగా అనిపించినా ఆ ఎత్తులో చర్మం మాడుతుంది. మధ్యాహ్నం తర్వాత మబ్బు పడితే పైకి వెళ్ళవద్దని ఆఫీసులోనే చెప్పారు, పిడుగుల భయం. పైకి చేరాక గాలికి మాటలు వినపడలేదు. కింద చిన్న కాలెడాన్ వాగు, ఎదురుగా కొండ మీద మబ్బు నీడలు. కింద కారు దగ్గర అంకుల్ ఎర్ర టోపీ తీసి ఊపుతున్నారు. అంత పై నుంచి ఆయన కనపడటం మా అమ్మాయికి ఎంత నచ్చిందో!

తిరుగు ప్రయాణం పార్కు దాటి తూర్పుకి, హారిస్మిత్ వైపు. ఆ దారి పక్కనే క్వాక్వా. అపార్థైడ్ కాలంలో బసోతో జనానికి మీ దేశం ఇదే అని చూపించిన చిన్న కొండ ప్రాంతం. ఫ్రీ స్టేట్ పొలాల నుంచి, పట్నాల నుంచి వెళ్ళగొట్టిన వాళ్ళను తెచ్చి ఇక్కడ కుక్కారు. ఫుతాదిచాబా పట్టణం ఇప్పటికీ కొండల వాలు మీద కనుచూపు మేర ఇళ్ళే. రోడ్డు పక్కన ఆడవాళ్ళు, పిల్లలు బకెట్లతో, డబ్బాలు తోసే బండ్లతో నడుస్తున్నారు. ఇక్కడ నీటి కొరత ఏళ్ళ నాటిది. 2020 జనవరిలో నది నుంచి నీళ్ళు తేవడానికి వెళ్ళిన ఎనిమిదేళ్ళ పాప మునిగి చనిపోయింది. ఆ కోపంతో జనం రోడ్ల మీదకి వచ్చారు. క్వాక్వా నీటి వ్యవస్థ వేరు, మా సొరంగం నీళ్ళతో దానికి సంబంధం లేదని ఎవరైనా అనవచ్చు, అది నిజమే. అయినా రాఫ్టింగ్ చేసిన నది నుంచి గంట కూడా పట్టని దూరంలో ఆ డబ్బాల బండ్లను చూశాక నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. కొండల కింద సొరంగం తవ్వగలిగినవాళ్ళకు కొండ వాలు మీద పైపు వేయడం ఎందుకు చేతకాదు? మా అమ్మాయి ఈసారి ఇవి మనవేనా అని అడగలేదు. "వాళ్ళకి ఎందుకు రావట్లేదు?" అని అడిగింది. తనకు ఏం చెప్పాలో కారులో ఉన్న నలుగురు పెద్దవాళ్ళం తలో మాటా అన్నాం. ఏదీ తనకు సరిపోలేదు, నాకూ సరిపోలేదు.

హారిస్మిత్‌లో ఎన్3 ఎక్కాం. ఇక్కడి నుంచి విలియర్స్ దాకా అంకుల్ వాళ్ళ నాన్న ఆపకుండా నడిపిన రోడ్డే. ఇప్పుడు వెడల్పైన హైవే, టోల్ గేటు, పెట్రోల్ బంకులు, వాటి పక్కన హోటళ్ళు. కాసేపు నేను నడుపుతాను అని అంకుల్ అడిగారు. మా వారు వెనక సీట్లోకి వచ్చారు. వార్డెన్ దగ్గర ఒక బంకులో ఆపి, మిగిలిన పులిహోర అక్కడి బల్ల మీద పెట్టుకుని తిన్నాం. తిన్నాక ఇంకో బంకులో కూడా ఆపారు, పనేమీ లేకుండానే. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆంటీ మాత్రం దిగి ఐస్‌క్రీమ్‌లు కొనుక్కొచ్చింది.

క్లారెన్స్ వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. చౌక్‌లో కాఫీ తాగండి, దుప్పటి కొనుక్కోండి, పాప్లర్ చెట్ల ముందు ఫోటోలు దిగండి, అవన్నీ నిజంగానే బావుంటాయి. ఒక పూట యాష్ నదికి కేటాయించండి. ఒక గంట ఖుబెట్స్వానాలో నడవండి. పిల్లలుంటే వచ్చేటప్పుడు క్వాక్వా దారిలో రండి, వాళ్ళ ప్రశ్నలు వినండి.

మాకు ఇంకా చూడాల్సింది మిగిలే ఉంది. ఫ్యూరీస్‌బర్గ్ పక్కన కాలెడాన్స్‌పోర్ట్ సరిహద్దు దాటితే మ్వేలా దగ్గరే, అక్కడి నుంచి కొండ దారిలో కాట్సే. దానికి పాస్‌పోర్టులు కావాలి, కొండ రోడ్డుకి తగిన బండి కావాలి, చలికాలం అయిపోవాలి. మా గైడ్ తన అమ్మమ్మ ఊరికి తీసుకెళ్తానన్నాడు. అంకుల్ పాస్‌పోర్టు గడువు ఎప్పుడో అయిపోయింది. వచ్చిన వారంలోనే రెన్యూవల్‌కి ఇచ్చేశారు.